వరి మడిలో భారలోహాలు: నమూనా తీయడం నుంచి గంజి వార్చడం దాకా

ఒడిశాలోని గుణుపురం, పర్లాకిమిడి, రాయగడ ప్రాంతాల తెలుగు రైతులు పదేపదే అడుగుతున్న ప్రశ్న ఇది: "మా మడిలోకి ఫ్యాక్టరీ నీరో గని వాగు నీరో వస్తోంది. బియ్యంలో విషలోహాలు చేరాయో లేదో తెలుసుకోవడం ఎలా? చేరి ఉంటే ఏం చేయాలి?" ఈ మార్గదర్శి ఆ రెండింటికే పరిమితం.

ఒక విషయం మొదటే గుర్తుంచుకోవాలి. కాడ్మియం, ఆర్సెనిక్, సీసం, పాదరసం వంటి భారలోహాలన్నింటికీ ఒకే వైద్యం పనికిరాదు. మడిలో నీరు నిలిపితే కాడ్మియం అణుగుతుంది, ఆర్సెనిక్ లేస్తుంది. మడిని ఆరగడితే ఆర్సెనిక్ అణుగుతుంది, కాడ్మియం లేస్తుంది. ఏ లోహమో తేలకుండా మొదలుపెట్టిన వైద్యం రోగాన్ని పెంచే ప్రమాదం ఉంది కనుక, ఇక్కడ పరీక్షకే ఎక్కువ చోటు ఇచ్చాను.

1. అనుమానానికి ఆధారం ఉందా?

ఒక కాగితం మీద మీ మడులను, వాటికి నీరు వచ్చే దారిని గీయండి. వంశధార, నాగావళి, మహేంద్రతనయ నదుల నీరైనా, చెరువు నీరైనా, బోరు నీరైనా మడిలోకి దిగే మదుము (తూము) దాకా గీత రావాలి. ఆ దారిలో, దాని పైవాలులో కింది వాటిలో ఏమైనా ఉన్నాయేమో గుర్తు పెట్టండి.

- గని, గని నుంచి దిగే వాగు, ఖనిజ వ్యర్థాల చెరువు లేదా ఎర్రబురద (అల్యూమినా ఫ్యాక్టరీ వ్యర్థం) చెరువు
- బొగ్గు బూడిద పోసే చోటు
- ఫ్యాక్టరీ మురుగు కాలువ, పట్టణపు మురుగు
- పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే షెడ్డు
- ఏటా పట్టణపు చెత్త ఎరువు తోలించుకునే మడి

ఇవేవీ లేకపోతే, బోరు నీటిలో ఆర్సెనిక్ ఉందన్న మాట కూడా ఊళ్లో లేకపోతే, ఒక్క నీటి పరీక్షతో ఆగవచ్చు. ఒక్కటున్నా మిగిలిన మెట్లన్నీ అవసరమే.

2. ఇనుమును చూసి పొరబడకండి

ఈ ప్రాంతపు పల్లపు మడుల్లో నీటి మీద నూనెలా మెరిసే పొర, గట్ల వారన తుప్పు రంగు జిగురు తరచుగా కనిపిస్తాయి. గుణుపురం దగ్గర ఒక పెద్దాయన నన్ను అలాంటి మడి దగ్గరకు తీసుకెళ్లి, "చూశావా బాబూ, ఫ్యాక్టరీ నూనె" అన్నారు. గట్టు మీద పడి ఉన్న కందికర్రతో ఆ పొరను కదిపాను. అది పగిలిన పెంకుల్లా ముక్కలై, విడివిడిగా తేలింది. నూనె అయితే కర్ర తీసిన మరుక్షణం సుడి తిరిగి మళ్లీ కలుసుకునేది. ఆయన మడిలో ఉన్నది కొండల ఎర్రమట్టి నుంచి ఊరి వచ్చిన ఇనుము.

ఇనుము ఎక్కువైతే ముదురాకుల మీద గోధుమరంగు చుక్కలు వచ్చి, ఆకు ఇటుక రంగుకు తిరుగుతుంది, దిగుబడి పడిపోతుంది. అది పంటకు వచ్చే జబ్బే గాని బియ్యంలో చేరే విషం కాదు. కాడ్మియం తీరు దీనికి పూర్తిగా తలకిందులు. గింజలో పరిమితి దాటినా చేను పచ్చగా, నిండుగా, కంటికి నదురుగానే ఉండవచ్చు. కాబట్టి ఆకు రంగును బట్టి తీర్పు చెప్పకూడదు.

3. సరంజామా

భూసార ఆరోగ్య కార్డు ఉంది కదా, దానిలో తెలియదా అని చాలామంది అనుకుంటారు. ఆ కార్డులో 12 అంశాలుంటాయి: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, పీహెచ్ (నేల పులుపును చెప్పే అంకె), లవణ సాంద్రత, సేంద్రియ కర్బనం. కాడ్మియం, సీసం, ఆర్సెనిక్, పాదరసం అందులో లేవు. అయినా కార్డును పారేయకండి, దానిలోని పీహెచ్ అంకె తరువాత అవసరమవుతుంది.

సిద్ధం చేసుకోవలసినవి:

- తుప్పు లేని స్టెయిన్‌లెస్ స్టీలు తాపీ, లేదా గట్టి చెక్క పార
- ప్లాస్టిక్ బకెట్, శుభ్రమైన కొత్త ప్లాస్టిక్ పట్టా
- కొత్త పాలిథిన్ సంచులు, పెన్సిలుతో రాసిన చీటీలు
- నీటి నమూనాకు ప్రయోగశాల ఇచ్చిన సీసాలు

ఎరువు సంచి, పురుగుమందు డబ్బా, జింకు పూత బకెట్ వాడకూడదు. మొదటిసారి నేను ఇంట్లో ఉన్న పూత బకెట్‌లోనే మట్టి కలిపి పంపాను. నివేదికలో జింకు మిగతా మడుల కంటే మూడింతలు కనిపించింది. కారణం కోసం వారం రోజులు మడి చుట్టూ తిరిగాక గాని తప్పు బకెట్‌దని తట్టలేదు. ఆ పూతలో జింకుతోపాటు కాస్త కాడ్మియం కూడా ఉండవచ్చు కాబట్టి ఆ నమూనా మొత్తం దండగైంది.

4. మట్టి నమూనా: వరుస తప్పకుండా

ఖరీఫ్ కోత అయ్యాక, సున్నం గాని ఎరువు గాని వేయకముందు తీయాలి.

మొదట మడిని మూడు భాగాలుగా అనుకోండి: నీరు దిగే మదుము వైపు, నడిమి భాగం, నీరు బయటికి పోయే వైపు. మూడింటినీ కలిపి ఒకే సంచిలో వేయడమే నేను ఎక్కువగా చూసిన పొరపాటు. నీటితో వచ్చే లోహం ముందుగా మదుము దగ్గరే పేరుకుంటుంది. మదుము దగ్గర ఎక్కువగా, చివర తక్కువగా ఉంటే దోషం నీటిది. మూడు చోట్లా ఒకేలా ఉంటే దోషం నేలదో, ఎరువుదో, గాలిలో వచ్చి పడిన దుమ్ముదో అయి ఉంటుంది. మూడు సంచులకు ఖర్చు ఎక్కువే అయినా, ఇంత తేలికగా మూలం చెప్పే పరీక్ష మరొకటి లేదు.

తరువాత ప్రతి భాగంలోనూ ఇలా చేయండి:

- గట్లు, పెంటకుప్ప వేసిన చోటు, చెట్టు నీడ, బాట వార వదిలేయాలి.
- వంకరటింకరగా నడుస్తూ 8 నుంచి 10 చోట్లు ఎంచుకోవాలి.
- పైనున్న మోళ్లు, గడ్డి తీసేసి 15 సెంటీమీటర్ల లోతున 'వి' ఆకారంలో గుంట తీయాలి. గుంట ఒక పక్కన పైనుంచి కింది దాకా ఒకే మందంలో మట్టి చెక్కాలి.
- అన్నింటినీ పట్టా మీద కలిపి, గుండ్రంగా పరిచి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు తీసేయాలి. అర కిలో మిగిలేదాకా ఇలాగే చేయాలి.
- నీడలో ఆరబెట్టాలి. ఎండలో గాని, పొయ్యి మీద గాని ఆరబెడితే పాదరసం వంటివి ఎగిరిపోతాయి.

నాలుగో సంచి ఒకటి తప్పనిసరి. అదే రకం మట్టి ఉండి, అనుమానపు నీరు చేరని ఎగువ మడి నుంచి అది తీయాలి. మన కొండ నేలల్లో కొన్ని లోహాలు సహజంగానే ఉంటాయి. పోల్చడానికి శుభ్రమైన మడి లేకపోతే అంకెకు అర్థం ఉండదు.

5. గింజ, నీటి నమూనాలు

మట్టి కంటే గింజే అసలు సాక్షి. మట్టి తీసే మూడు భాగాల నుంచే, కోత నాడు, ప్రతి భాగంలో చాలినన్ని దుబ్బుల వెన్నులు కోసి చేత్తో దులపండి. నూర్పిడి యంత్రం, రోడ్డు మీద పోసిన ధాన్యం ఇందుకు పనికిరావు. ఒక్కో భాగం నుంచి అర కిలో వడ్లు చాలు. పొట్టు తీసే పని ప్రయోగశాలకే వదలాలి, ఊరి మిల్లు రోలర్లను తాకిన బియ్యాన్ని పంపకూడదు.

నీటిని మదుము దగ్గర, ప్రవహిస్తున్నప్పుడు పట్టాలి. సీసాలో ముందే ఆమ్లం వేసి ఇస్తే దానిని కడగకూడదు. తొలకరి తరువాత మొదటి పెద్ద వాననాడు ఒకసారి, నడి వర్షాకాలంలో మరొకసారి పడితే మేలు. గని వాగుల్లో మొదటి వరదే ఎక్కువ మట్టిని, దానితో లోహాన్ని దించుతుంది.

6. ప్రయోగశాలను అడగవలసిన మాటలు

గుణుపురంలోని కృషి విజ్ఞాన కేంద్రాన్ని, గజపతి జిల్లా వారైతే ఆర్. ఉదయగిరి కేంద్రాన్ని, కొరాపుట్ జిల్లా వారైతే సెమిలిగుడ కేంద్రాన్ని ముందుగా సంప్రదించి, నమూనా ఎక్కడికి పంపాలో కనుక్కోండి. ఎన్ఏబీఎల్ (ప్రయోగశాలలకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ప్రయోగశాలను ఎంచుకుని ఈ ప్రశ్నలు వేయండి.

- గింజలో కాడ్మియంను ఏ యంత్రంతో చూస్తారు? ఐసీపీ-ఎంఎస్ లేదా గ్రాఫైట్ ఫర్నేస్ అయితే సరే. మామూలు మంట యంత్రానికి బియ్యంలోని కొద్దిపాటి కాడ్మియం అందదు.
- ఎంత తక్కువ దాకా కొలవగలరు? పరిమితిలో పదోవంతు దాకా కొలవగలిగితే నమ్మవచ్చు.
- మట్టిలో మొత్తం లోహంతోపాటు డీటీపీఏ పద్ధతిలో మొక్కకు అందే భాగం కూడా ఇస్తారా?
- గింజలో ఆర్సెనిక్ మొత్తమా, అకర్బన రూపమా (విషం ఎక్కువైన రూపం)?

7. నివేదిక చదవడం

మొదట యూనిట్ చూడండి. కిలోకు మిల్లీగ్రాము అన్నా, పీపీఎం అన్నా ఒకటే. పీపీబీ అందులో వెయ్యోవంతు. నివేదికలో 180 పీపీబీ అని చూసి గుండెలు బాదుకున్నవారు నాకు తెలుసు. అది 0.18 పీపీఎం మాత్రమే.

గింజ: అంతర్జాతీయ ఆహార ప్రమాణమైన కోడెక్స్ ప్రకారం పాలిష్ పట్టిన బియ్యంలో కాడ్మియం కిలోకు 0.4 మిల్లీగ్రాములు, అకర్బన ఆర్సెనిక్ 0.2 మిల్లీగ్రాములు దాటకూడదు. ముడిబియ్యంలో అకర్బన ఆర్సెనిక్ పరిమితి 0.35. ధాన్యాల్లో సీసం 0.2. మొత్తం ఆర్సెనికే 0.2 లోపు ఉంటే, అకర్బన రూపానికి వేరే పరీక్ష చేయించి డబ్బు పోగొట్టుకోనక్కరలేదు.

మట్టి: మన దేశంలో వాడుకలో ఉన్న పరిమితులు కిలోకు కాడ్మియం 3 నుంచి 6, సీసం 250 నుంచి 500, నికెల్ 75 నుంచి 150 మిల్లీగ్రాములు. వీటిని చూసి నిశ్చింతగా కూర్చోకూడదు. పీహెచ్ 5 దగ్గర ఉన్న పుల్లటి ఎర్రనేలలో, మట్టి అంకె పరిమితిలో ఉన్నా గింజలోకి కాడ్మియం చేరవచ్చు. మట్టి నివేదిక, గింజ నివేదిక వేరు మాటలు చెబితే గింజ మాటే వినాలి.

సాగునీరు: ప్రపంచ ఆహార, వ్యవసాయ సంస్థ సూచించిన గరిష్ఠాలు లీటరుకు కాడ్మియం 0.01, ఆర్సెనిక్ 0.1, క్రోమియం 0.1, నికెల్ 0.2 మిల్లీగ్రాములు.

8. మొదట నీటి దారి మార్చండి

లోహం కుళ్లిపోదు, ఆవిరై పోదు, ఒక పంటతో తరిగిపోదు. అందుకే లోపలికి వచ్చేదాన్ని ఆపకుండా లోపలున్నదానికి మందు వేయడం చిల్లుకుండలో నీరు పోయడమే. మదుము దగ్గర నమూనాలో లోహం ఎక్కువగా తేలితే ఆ వాగు నీటిని మళ్లించాలి. అది కుదరకపోతే, మడికి ముందు ఒక చిన్న గుంట తవ్వి, నీరు అందులో నిలిచి తేరుకున్నాక మడిలోకి వదలాలి. గుంట అడుగున చేరిన బురదను ఎట్టి పరిస్థితిలోనూ మడిలోకి తోలకూడదు. మన రైతులకు చెరువు మట్టి తోలే అలవాటు ఉంది కనుక ఈ మాట నొక్కి చెబుతున్నాను.

9. లోహాన్ని బట్టి నీటి యాజమాన్యం

కాడ్మియం తేలితే: వెన్ను పైకి రావడానికి మూడు వారాల ముందు నుంచి, వచ్చాక మూడు వారాల దాకా మడిలో నీరు పలచగానైనా నిలిచి ఉండాలి. నీరు నిలిచిన బురదలో కాడ్మియం గంధకంతో కలిసి కరగని రూపంలోకి వెళుతుంది. మడి ఆరి గాలి తగిలిందంటే మళ్లీ కరిగి వేళ్లకు అందుతుంది.

ఇక్కడే మన వైపు వరికి అసలు చిక్కు ఉంది. స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, దాదాపు 145 రోజుల పంట. వెన్ను తీశాక కోతకు నెల పడుతుంది గనుక జూన్ 20న నారు పోస్తే అక్టోబరు రెండో వారంలో ఈనుతుంది. సరిగ్గా అప్పుడే రుతుపవనం వెనుదిరుగుతుంది. వానమీదే ఆధారపడిన మడి, నీరు అత్యవసరమైన మూడు వారాల్లోనే నెర్రెలు తీస్తుంది. చెరువు నీరో బోరు నీరో ఆ దశకు దాచుకోగలిగితే స్వర్ణ వేయవచ్చు. లేకపోతే ఎంటీయూ 1010 వంటి 120 రోజుల రకం మేలు, అది సెప్టెంబరు మూడో వారంలో ఈనుతుంది. అయితే దాని కోత అక్టోబరు తుపాన్ల కాలంలో పడుతుంది. 2018 అక్టోబరు 11న తీరం దాటిన తిత్లీ తుపాను గజపతి జిల్లాను ఎలా ముంచిందో మరిచిపోయేది కాదు. ఏ నష్టానికి సిద్ధపడాలో మడి ఎత్తుపల్లాలను బట్టి మీరే తేల్చుకోవాలి. నేనైతే, గింజలో కాడ్మియం పరిమితి దాటిన మడిలో స్వల్పకాలిక రకమే వేస్తాను.

ఆర్సెనిక్ తేలితే: దీనికి తడి-పొడి పద్ధతి. 30 సెంటీమీటర్ల పొడవున్న ప్లాస్టిక్ గొట్టానికి కింది భాగంలో చిల్లులు పెట్టి, 20 సెంటీమీటర్లు నేలలోకి దించి, లోపలి మట్టి తీసేయండి. ఊడ్పులు (మన వైపు ఉబాలు) అయిన రెండు వారాల నుంచి, గొట్టంలో నీరు నేలమట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగినప్పుడే మళ్లీ 5 సెంటీమీటర్లు పెట్టాలి. పూతకు వారం ముందు నుంచి వారం తరువాత దాకా మాత్రం నీరు ఉంచాలి, లేకపోతే తాలు గింజలు పెరుగుతాయి. బోరు నీటిలో ఆర్సెనిక్ ఉంటే దాళ్వా, అంటే రెండో పంట వరి (ఒడియాలో డాలువా), మానడమే మంచిది. ఆ పంట మొత్తం బోరు నీటి మీదే నడుస్తుంది కాబట్టి ఏటా లోహాన్ని మనమే తోడి పోసుకున్నట్టవుతుంది.

పాదరసం తేలితే: నీరు నిలిచిన బురదలో అది మరింత ప్రమాదకరమైన మిథైల్ రూపంలోకి మారుతుంది. అలాంటి మడిలో వరి వేయకండి.

సీసం, క్రోమియం ఎక్కువ భాగం వేళ్ల దగ్గరే ఆగిపోతాయి. గింజలో సీసం కనబడితే ముందుగా దుమ్మును అనుమానించాలి.

కాడ్మియం, ఆర్సెనిక్ రెండూ ఉంటే నీటితో ఆటలాడకుండా, కింద చెప్పిన సున్నం, ఊకలతో మొదలుపెట్టి, ప్రతి పంటకూ గింజను పరీక్షించాలి.

10. సున్నం, జింకు, ఊక

పుల్లటి నేలలో కాడ్మియంను కట్టడి చేసేది సున్నం. పీహెచ్‌ను 6.5 దగ్గరకు తేవడం లక్ష్యం. ఎంత వేయాలో మట్టి పరీక్షలో 'సున్నం అవసరం' అడిగి తెలుసుకోండి, పక్క రైతు లెక్క పనికిరాదు. దమ్ముకు రెండు మూడు వారాల ముందు చల్లి కలియదున్నాలి. యూరియాతో కలిపి వేస్తే నత్రజని అమ్మోనియాగా ఎగిరిపోతుంది. ఒకేసారి మితిమీరి వేస్తే జింకు లోపం వస్తుంది, ఆర్సెనిక్ ఉన్న మడిలో అది కదిలే అవకాశమూ ఉంది.

ఒడిశాలో కాగితపు మిల్లు సున్నపు బురదను పుల్లటి నేలలకు వాడే అలవాటు ఉంది. చౌక కూడా. కాని లోహాలను తగ్గించడానికి తెచ్చే సరుకులోనే లోహాలు ఉండకూడదు కదా, లోడు దింపించుకునే ముందు దానిని కూడా పరీక్షించాలి. పట్టణపు చెత్త ఎరువుకూ ఇదే నియమం. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం అందులో కిలోకు కాడ్మియం 5, సీసం 100, ఆర్సెనిక్ 10 మిల్లీగ్రాములు దాటకూడదు.

జింకు లోపం ఉన్న వరి కాడ్మియంను ఎక్కువగా పీల్చవచ్చు. ఆరోగ్య కార్డులో జింకు తక్కువగా ఉంటే ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయండి. డీఏపీ, సూపర్ ఫాస్ఫేటులతో కలపకండి.

ఆర్సెనిక్‌కు ఊక మంచి విరుగుడు. వరి వేరు సిలికాను పీల్చే దారిలోనే ఆర్సెనిక్ కూడా లోపలికి వెళుతుంది. ఊకలోని సిలికా ఆ దారిలో పోటీకి వస్తుంది. రైసు మిల్లుల ఊకను వేసవిలోనే కలియదున్నాలి. పచ్చిగడ్డిని, ఎండుగడ్డిని దమ్ములో తొక్కితే మాత్రం ఆర్సెనిక్ మరింత విడుదలవుతుంది.

11. కోత నుంచి వంటింటి దాకా

- ధాన్యాన్ని తారు రోడ్డు మీద ఆరబోయకండి. టార్పాలిన్ పరిచిన కళ్లంలోనే ఆరబెట్టాలి.
- ఆర్సెనిక్ గింజ కంటే గడ్డిలో ఎక్కువ ఉంటుంది. పరీక్షించకుండా ఆ గడ్డిని, తవుడును పశువులకు వేయకండి.
- ఎక్కువ నీటిలో వండి గంజి వార్చితే అకర్బన ఆర్సెనిక్ 40 నుంచి 60 శాతం తగ్గుతుంది. ఆ గంజిని తాగినా, పఖాళంలో (నీళ్లలో నానిన చద్దన్నంలో) కలిపినా ప్రయోజనం పోతుంది. వండే నీటిలోనే ఆర్సెనిక్ ఉంటే అన్నంలో అది ఇంకా పెరుగుతుంది.
- వార్చినంత మాత్రాన కాడ్మియం అంతగా తగ్గదు. దానికి మందు మడిలోనే వేయాలి.

12. అయినా అంకె దిగకపోతే

రెండు పంటలు పై పద్ధతులన్నీ పాటించాక కూడా గింజ పరిమితి దాటుతుంటే, ఆ భాగంలో వరి ఆపాలి. చాలాసార్లు మడంతా మార్చనక్కరలేదు, మదుము దగ్గరి పది పదిహేను సెంట్లే దోషమై ఉంటాయి. ఒక్క పంట పొద్దుతిరుగుడో ఆవాలో వేస్తే నేల శుభ్రపడుతుందన్న మాట నమ్మకండి, మొక్కలు లోహాన్ని పీల్చడం ఏళ్ల తరబడి సాగే పని. ఆకుకూరలకు మారడం ఇంకా పెద్ద తప్పు, కాడ్మియం ఆకులోనే ఎక్కువగా చేరుతుంది. రాయగడ జిల్లాలో పత్తి ఎలాగూ పండుతోంది. మెరక చెక్క అయితే పత్తి, పల్లమైతే నీలగిరి వంటి కలప తోట వేయవచ్చు. పత్తిగింజ చెక్కను మాత్రం పరీక్షించకుండా దాణాకు అమ్మకండి.

మూడేళ్ల తరువాత అదే కాలంలో, అదే మూడు భాగాల నుంచి, అదే లోతున మట్టి తీసి మళ్లీ పంపండి. ఎక్కడ తీశారో ఇప్పుడే గట్టు మీద రాయి పాతి గుర్తు పెట్టుకోండి.